జబ్బు తిరగబెట్టినప్పుడు తోడెవరు?

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ అనుభవం చెప్పండి, చాలు" అని నన్ను పిలిచారు. చెప్తాను. అయితే జాలి కోసం కాదు, కొన్ని హక్కులు అడగడం కోసం.

2022లో మన దేశంలో దాదాపు 1,27,000 మంది స్త్రీలకు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చిందనీ, దాదాపు 80,000 మంది దానితో చనిపోయారనీ అంచనా. చాలామంది ఆసుపత్రికి చేరేసరికే జబ్బు ముదిరిపోతుంది. రేడియేషన్, అంటే మన ఊళ్ళలో 'కరెంటు పెట్టడం', దాంతోపాటు కీమో ఇస్తారు. కొందరికి నయమవుతుంది, కొందరికి తిరగబెడుతుంది. ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే.

నాకు రెండో ఏట తిరగబెట్టింది. మొదటిసారి చుట్టాలంతా వచ్చారు, పళ్ళు తెచ్చారు, ధైర్యం చెప్పారు. రెండోసారి ఎవరూ రాలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఏం మాట్లాడాలో తెలియక రాలేదు. వచ్చిన ఒకరిద్దరు నా గ్లాసు వేరుగా పెట్టమన్నారు. ఈ క్యాన్సర్ అంటుకునేది కాదని ఎన్నిసార్లు చెప్పాలి? దీనికి మూలమైన హెచ్.పి.వి. వైరస్ లైంగిక సంబంధం ఉన్న ఆడా మగా అందరిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. చాలామందిలో దానంతటదే పోతుంది. అయినా నిందపడేది ఆడదాని నడవడి మీదే.

నాకు చెప్పిన ఆపరేషన్ పేరు పెల్విక్ ఎక్సెంటరేషన్. గర్భసంచితో పాటు మూత్రాశయాన్ని, పెద్దపేగు చివరి భాగాన్ని కూడా తీసేస్తారు. తర్వాత పొట్ట మీద రెండు సంచులు, ఒకటి మూత్రానికి, ఒకటి మలానికి. 1948లో న్యూయార్కులో డాక్టర్ బ్రున్‌ష్విగ్ దీన్ని మొదట ప్రకటించినప్పుడు 22 మందిలో 5గురు ఆపరేషన్ వల్లే చనిపోయారు. ఇప్పుడు ఆ ప్రమాదం బాగా తగ్గింది. జబ్బు పొత్తికడుపు మధ్యలోనే ఉండి, ఇంకెక్కడికీ పాకకపోతేనే చేస్తారు. అలాంటి కొందరికి బతికే దారి ఇదొక్కటే.

ఇదంతా డాక్టరు వరండాలో మా ఆయనకు చెప్పాడు. మంచం మీద ఉన్న నాకు చెప్పలేదు. సంతకం కూడా ఆయన్నే అడిగారు. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? మత్తులో ఉన్న కూతురి గర్భసంచి తీయడానికి తల్లి ఒప్పుకోలు చాలదంది. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం కాకపోతే, స్పృహ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలంది. తల్లి సంతకమే చెల్లనప్పుడు, స్పృహలో ఉన్న నా బదులు మొగుడి సంతకం ఎలా చెల్లుతుంది?

నేను అడిగాక డాక్టరు నాకూ వివరించాడు. కానీ నా ప్రశ్నలు వేరు. చీర ఎక్కడ కట్టుకోవాలి? బస్సులో సంచి నిండితే ఏం చెయ్యాలి? వాసన వస్తుందా? మొగుడి పక్కన పడుకోవడం ఎలా? ఒక నర్సు నన్ను బట్టలు కుట్టుకుని బతికే ఒకామెకు పరిచయం చేసింది. ఆమెకు నాలుగేళ్ళ క్రితం ఇదే ఆపరేషన్ జరిగింది. తలుపు వేసి, చీర పక్కకు తీసి పొట్ట చూపించింది. "ముందు చూడక్కా, తర్వాత భయపడుదువుగానీ" అంది. లంగా బొందు ఎక్కడ కట్టాలో, పొద్దున టీ తాగకముందే సంచి మార్చుకుంటే ఎందుకు సుళువో, నెలకు సంచుల ఖర్చెంతో చెప్పింది. చేయించుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. సంతకం నేనే పెట్టాను.

ఇప్పుడు మేం తొమ్మిదిమందిమి నెలకోసారి కూర్చుంటాం. అండాశయ క్యాన్సర్ తిరగబెట్టి మూడోసారి కీమో తీసుకుంటున్న ఆమె ఉంది. కరెంటు పెట్టాక యోని బిగుసుకుపోయిందని ఇంట్లో చెప్పుకోలేని ఆమె మాతో చెప్పుకుంది. మరొకామె ఆపరేషన్ వద్దంది, నొప్పి లేకుండా ఉంటే చాలంది. ఆమెకు మార్ఫిన్ అందేలా తిరిగాం, చివరిదాకా పక్కనే ఉన్నాం. మేం మందులు చెప్పం, బతుకుతావని మాటివ్వం. డాక్టరును ఏమడగాలో కలిసి కాగితం మీద రాసుకుంటాం.

ఇదేం కొత్త కాదు. 1952లో అమెరికాలో టెరీస్ లాసర్ తన రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత అలాంటి స్త్రీలను ఆసుపత్రుల్లో కలవడం మొదలుపెట్టింది. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ పనిని తన కార్యక్రమంగా తీసుకుంది. మనకు మాత్రం అది ఇప్పటికీ ఏ నర్సు దయవల్లనో దొరికే అదృష్టంగానే ఉంది.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. ఆపరేషన్ గురించి రోగికే, ఆమె భాషలో, ముందుగా చెప్పాలి. నిర్ణయించుకునే ముందే, అదే ఆపరేషన్ అయిన స్త్రీని కలిసే ఏర్పాటు ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలో ఉండాలి. అలా వచ్చే స్త్రీకి దారి ఖర్చులు, ఆ రోజు కూలి ఇవ్వాలి. ఒకసారి ఆపరేషన్‌కు డబ్బిచ్చి చేతులు దులుపుకోకుండా, సంచులను జీవితాంతం ఉచితంగా ఇవ్వాలి.

మీ సంఘాల్లో, మీరు తిరిగే ఊళ్ళల్లో జబ్బు తిరగబెట్టి గదిలో ఒంటరిగా ఉన్న స్త్రీలు తప్పక ఉంటారు. వాళ్ళను వెతకండి. ఇద్దరు దొరికితే, వాళ్ళు ఇష్టపడితే, ఒకరికొకరిని పరిచయం చేయండి. తర్వాత సంగతి వాళ్ళు చూసుకుంటారు.