రాత్రంతా పనిచేసే పిండి

పిల్లలూ, ఈ రాత్రి అమ్మ ఇడ్లీపిండి రుబ్బి రవ్వ కలిపాక కొంచెం అడిగి తీసుకోండి. ఒకేలాంటి రెండు గాజు గ్లాసుల్లో సగం దాకా పోసి, పిండి ఎంతవరకు ఉందో సరిగ్గా అక్కడ రబ్బరు బ్యాండు తగిలించండి. పైన చిన్న పళ్ళెం మూసి, ఒకటి పొయ్యిగట్టు మీద, రెండోది ఫ్రిజ్‌లో పెట్టండి. బిగుతు మూత మాత్రం వద్దు, లోపల వాయువు పుడుతుంది.

తెల్లారేసరికి గట్టు మీది పిండి రబ్బరు బ్యాండు దాటి పైకి వచ్చేసి ఉంటుంది. ఫ్రిజ్‌లోది దాదాపు ఎక్కడిదక్కడే.

మినప్పప్పుకు అంటుకుని కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా. పేరుకి నోరు తిరక్కపోతే పోనీండి, పని మాత్రం గట్టిది! పిండిలోని చక్కెరల్ని తిని లాక్టిక్ ఆమ్లాన్ని, కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతుంది. ఆమ్లంతో పులుపు, వాయువుతో పొంగు.

మరి ఆ వాయువు గాలిలో కలిసిపోదేం? నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. మినప్పిండి జిగట బుడగల్ని పట్టి ఉంచుతుంది. నానిన రవ్వ ఒక్కదాన్నే మూడో గ్లాసులో పెట్టి చూడండి, అలా పొంగి నిలబడదు.

చలికి ఈ జీవులు చావవు, మందగిస్తాయంతే. శీతాకాలంలో పిండి ఆలస్యంగా పులిసేది అందుకే. నమ్మకం కుదరకపోతే ఫ్రిజ్‌లోని గ్లాసును బయటపెట్టి, సాయంత్రం దాకా గంటగంటకీ స్కేలుతో కొలిచి రాసుకోండి.