ఆస్పత్రి నడపడం ఎవరు నేర్పాలి?

వైద్యాధికారులకు పాలనలో శిక్షణ ఇవ్వాలన్న విషయంలో ఈ సభలో ఎవరికీ భేదాభిప్రాయం ఉండదు. ఆ శిక్షణ ఎక్కడ జరగాలన్నదే నా ప్రశ్న. వాళ్లు పనిచేసే ఆస్పత్రిలోనే, వాళ్ల సొంత రిజిస్టర్లు ముందేసుకునే జరగాలని నా వాదన. 1946లో ఆరోగ్య సేవలపై భోర్ కమిటీ నివేదిక వచ్చినప్పటి నుంచి ప్రాథమిక వైద్యం గురించి మన చర్చంతా భవనాలు, పడకలు, పోస్టుల చుట్టూనే తిరిగింది. మైదానంలో 30 వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) అన్న లెక్క మనకు కంఠతా వచ్చు. దాన్ని నడపడం డాక్టరుకు ఎవరు నేర్పారని మాత్రం పెద్దగా అడగలేదు. ఎంబీబీఎస్‌లో ఎదురుగా కూర్చున్న రోగిని చూడటం నేర్పుతాం. పోస్టింగు రాగానే ఇండెంట్లు, క్యాష్‌బుక్, సిబ్బంది సెలవులు, ఆస్పత్రి అభివృద్ధి సంఘం సమావేశాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అవి పాతవాళ్లు చేయగా చూసి నేర్చుకోవాల్సిందే. పాత పద్ధతిలో తప్పులుంటే అవీ అలాగే అంటుకుంటాయి.

ఇవన్నీ ప్రాణాలతో ముడిపడ్డ పనులు. కాన్పు తర్వాత రక్తస్రావాన్ని అదుపు చేసే ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడికి దాని బలం తగ్గినా ఆంపుల్ చూడటానికి ఎప్పటిలాగే ఉంటుంది. ఇంజెక్షన్ ఇచ్చే నర్సు ఎంత నేర్పరి అయినా ఏం లాభం? అలాగే టీకాల ఫ్రిజ్‌కు తగిలించిన ఉష్ణోగ్రత పట్టిక తీసుకోండి. రోజుకు రెండు పూటలా రాయాల్సిన అంకె మే నెల పొడవునా ఒకే సిరాతో 4గానే ఉంటే, కరెంటు పోయిన మధ్యాహ్నాల జాడే లేకపోతే, ఎవరో కూర్చుని ఒకేసారి నింపారన్నమాట. దాన్ని పసిగట్టి, ఫార్మసిస్టును కసురుకోకుండా, జనరేటరు డీజిలు బాధ్యత ఎవరిదో తేల్చగలగాలి. ఏ స్లైడు చూపించీ ఈ నేర్పు అబ్బించలేం.

పనిచేసే చోటే నేర్పడం సాధ్యమేననడానికి ఇథియోపియాను చూడండి. ఆ దేశం 2006లో క్లింటన్ ఫౌండేషన్, యేల్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ఆస్పత్రుల పాలనను చక్కదిద్దే పని మొదలుపెట్టింది. తర్వాత జిమ్మా విశ్వవిద్యాలయంలో ఆస్పత్రి సీఈఓలు ఉద్యోగం చేస్తూనే మాస్టర్స్ చదివారు. కొన్ని వారాలు తరగతులు, ఆపైన సొంత ఆస్పత్రిలో ఆచరణ. మనకన్నా వైద్యులూ వనరులూ తక్కువున్న దేశం చేసిన పని అది. డాక్టర్లను వైద్యానికే వదిలి ఎంబీఏలను పెట్టమనేవారున్నారు. జిల్లా ఆస్పత్రికి అది సబబే. ఒకరిద్దరు డాక్టర్లుండే పీహెచ్‌సీకి మరో అధికారిని ఎక్కడి నుంచి తెస్తాం? అధికారాలే లేనివారికి శిక్షణ దేనికన్నది ఇంతకన్నా గట్టి ఆక్షేపణ. ఇందులో సగం నిజముంది, అధికారాలు పెరగాల్సిందే. అయితే 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్ స్థానిక అవసరాలకు వాడుకొమ్మని ఇచ్చిన అన్‌టైడ్ నిధులు కూడా ఆడిట్ భయంతో మురిగిపోయిన చోట్లున్నాయి. నిబంధన తెలియకపోతే చేతిలో ఉన్న అధికారమూ పనికిరాదు. డాక్టరు బదిలీ అయితే నేర్పిందంతా వృథా అన్న మాటకు జవాబు ఒకటే: హెడ్ నర్సును, ఫార్మసిస్టును కూడా కలిపి శిక్షణలో కూర్చోబెట్టాలి.

ప్రజారోగ్య, నిర్వహణ కేడర్ ఏర్పాటుకు కేంద్రం 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని అమలుచేసేటప్పుడు కొత్త వైద్యాధికారి మొదటి ఏడాదంతా నెలకోసారి అనుభవజ్ఞుడొకరు ఆ పీహెచ్‌సీకే వెళ్లి రిజిస్టర్లు కలిసి చూసే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. శిక్షణ ఫలితాన్ని సర్టిఫికెట్ల సంఖ్యతో లెక్కగట్టొద్దు. అత్యవసర మందు లేకుండా గడిచిన రోజులు ఎన్ని తగ్గాయో చూడాలి.