వైకుంఠపాళిలో చోడి అంబలి

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఇవాళ మీతో ఒక ఆటను గురించి చెప్పుకుందామని వచ్చాను. ఆటలు పిల్లలకు గానీ మనకెందుకండీ అంటారేమో. ఇది మన వంటింటికి సంబంధించిన ఆటే.

మాది విజయనగరం. మా వీధిలో ఒకమ్మాయి హోమ్ సైన్సు చదువుతోంది. చదువులో భాగంగా తనూ, ముగ్గురు స్నేహితురాళ్ళూ కలిసి, బడిపిల్లలకు మంచి తిండి అలవాట్లు నేర్పే ఆట ఒకటి తయారుచేయాలట. ఒక ఆదివారం పెద్ద అట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "పిన్నిగారూ, మీ పిల్లలచేత ఒకసారి ఆడించి చూస్తాం" అన్నారు. మా అబ్బాయికి పదేళ్ళు, అమ్మాయికి ఏడు. పప్పులో కనిపించిన ప్రతి ఆకునూ ఏరి కంచం అంచున పేర్చడం మావాడి అలవాటు. అంచేత, "రండమ్మా, మీకు పుణ్యముంటుంది" అన్నాను.

అట్ట విప్పితే ఏముంది, మన వైకుంఠపాళే! మంచి పని చేస్తే నిచ్చెనెక్కుతావు, చెడ్డ పని చేస్తే పాము నోట పడతావు అని చెప్పడానికి మన పెద్దలు ఆడించిన ఆట. దీన్నే పంతొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లీషువాళ్ళు కూడా తమ ఇళ్ళలో ఆడుకున్నారు. ఈ పిల్లలు పుణ్యపాపాల బదులు తిండి పదార్థాలు వేశారు. తోటకూర గడిలో నిచ్చెన. చిప్సు పొట్లం దగ్గర పాము. కూల్‌డ్రింకు దగ్గర ఇంకా పెద్ద పాము. డబ్బాలో వచ్చే తియ్యటి పొడి కలిపిన పాలకు మాత్రం అన్నిటికన్నా పొడుగు నిచ్చెన వేశారు.

మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని పటమంతా చూశారు. "చోడి అంబలి ఏదర్రా?" అన్నారు. అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇప్పుడెవరు తాగుతున్నారు మామ్మగారూ" అంది ఒకమ్మాయి. "మీ తాతలు తాగేరు. ఎండల్లో పొలం పని చేసినవాళ్ళంతా ఆ అంబలి మీదే నిలబడ్డారు. పటంలో ఓ గడికి కూడా నోచుకోలేదా?" అన్నారావిడ.

ఆ మాటలో చాలా నిజముంది. చోళ్ళు, అంటే రాగులు, మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తరతరాల తిండి. చేతిలో నాలుగు డబ్బులు ఆడి బియ్యం దొరికేసరికి, అంబలి లేనివాళ్ళ తిండి అని మనమే దాన్ని వెనక్కి నెట్టాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఎదిగే పిల్లల ఎముకలకు ఏది నిచ్చెనో మీరే చెప్పండి. మన రాష్ట్రంలో 2023 మార్చిలో ప్రభుత్వ బడులలో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా కూడా జరిపింది. ప్రపంచమంతా గుర్తించిన దాన్ని మన పటంలో మనం మర్చిపోతే ఎలా?

అమ్మాయిలు మంచివాళ్ళు, వెంటనే రబ్బరు తీశారు. పొడుగు నిచ్చెన అంబలికి మారింది. ములగాకు, గోంగూర, ఉద్దానం పనస, సీతంపేట కొండల అనాసపండు, తాటిముంజలు, తేగలు కూడా వచ్చి కూర్చున్నాయి. తెలిసిన తిండి కనిపించేసరికి మా పిల్లలు ఇంకా దగ్గరకు జరిగారు.

ఆట మొదలైంది. మావాడు రెండుసార్లు చిప్సు పాము నోట పడ్డాడు. "ఇదేంటి? నేనేం చేశాను? గవ్వలు అలా పడ్డాయి!" అని ఉక్రోషపడ్డాడు. వాడు కోపంతో అన్నా, ఆటలోని లోపాన్ని సరిగ్గా పట్టాడు. గవ్వలు ఎలా పడితే అలా తినము కదా! తిండిలో ఎంచుకోవడం ఉంటుంది. అందుచేత మరుసటి వారం అమ్మాయిలు కొన్ని గడులు మార్చి తెచ్చారు. "బడి బయట బండి ఉంది, చేతిలో పది రూపాయలున్నాయి. చిప్సు కొంటావా, ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు కొంటావా?" అని ఉంటుంది. పిల్లవాడు ఏదో ఒకటి చెప్పి, ఎందుకో కూడా చెప్పాలి. అప్పుడే నిచ్చెనో పామో తేలేది.

ఇలాంటి ఆటల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఇటలీలోని నేపుల్స్ నగరంలో పరిశోధకులు 'కాలేడో' అనే ఆట తయారుచేసి, పదకొండు మొదలు పద్నాలుగేళ్ళ పిల్లలచేత వారానికొకసారి, పావుగంట నుంచి అరగంట చొప్పున, ఇరవైనాలుగు వారాలు ఆడించారు. ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆడిన పిల్లలకు తిండిని గురించిన తెలివిడి పెరిగింది, వారంలో తినే కూరలూ పెరిగాయి. అమెరికాలో కంప్యూటరు ఆటలతో చేసిన ఇంకో పరిశోధన 2011లో వచ్చింది. అక్కడ కూడా పిల్లలు పళ్ళు, కూరలు కొంచెం ఎక్కువ తిన్నారు గానీ, మంచినీళ్ళు తాగడంలోనూ, ఒళ్ళు అలిసేలా ఆడుకోవడంలోనూ మార్పు కనిపించలేదు. కాబట్టి ఆట మంత్రదండం కాదు. ఒక్కరోజు ఆడించి అటకెక్కిస్తే పని జరగదు.

ఇక నా మనసులో ముల్లులా గుచ్చుకున్న సంగతి చెబుతాను. చివరి వరసలో అమ్మాయిలు కొన్ని ఖాళీ గడులు ఉంచారు. నిన్న ఇంట్లో ఎవరెవరు ఏం తిన్నారో పిల్లలే రాయాలి. మా అమ్మాయి పెన్సిలు పట్టుకుని రాసింది. నాన్న - అన్నం, పప్పు, వేపుడు, పెరుగు. అన్నయ్య - అన్నం, గుడ్డు, పెరుగు. నాలుగో గడిలో "అమ్మ - మిగిలింది" అని రాసి, తలెత్తి "దీనికి నిచ్చెన వెయ్యాలా, పామా?" అని అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు. మా అత్తగారు కూడా తల దించుకున్నారు. ఆవిడా ఆ గడిలోనే బతికిన మనిషి కదా.

సోదరీమణులారా, ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. అందరికీ వడ్డించి, అడుగున ఉన్నది తిని, పైన ఒక కప్పు టీ తాగి లేస్తాం. అన్నంతో పాటు తాగే టీ, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. టీ గంట తరవాత తాగండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. అన్నిటికన్నా ముందు, కూర వడ్డించేటప్పుడే మీ వంతు వేరే గిన్నెలో తీసిపెట్టుకోండి. ఇది స్వార్థం కాదు. మనం ఏం తింటున్నామో పిల్లలు చూస్తున్నారు, లెక్క రాస్తున్నారు కూడా.

ఈ ఆట మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. పాత క్యాలెండరు అట్ట, నాలుగు గవ్వలు, పావులకి చింతపిక్కలు చాలు. కొన్ని జాగ్రత్తలు మాత్రం పాటించండి. మీ ఊరి సంతలో దొరికే వాటినే గడుల్లో రాయండి. గెలిచినవాళ్ళకి చాక్లెట్టు బహుమతి ఇవ్వకండి, చెప్పిన పాఠమంతా అక్కడే పోతుంది. లావుగా ఉన్న పిల్లనిగానీ, సన్నగా ఉన్న పిల్లవాణ్ణిగానీ వేళాకోళం చెయ్యనివ్వకండి. ఎవరింటి పేద తిండినీ పాము దగ్గర పెట్టకండి. పెద్దవాళ్ళకు రోజుకు నాలుగు వందల గ్రాముల కూరలు, నూరు గ్రాముల పళ్ళు కావాలని పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఒక సాయంత్రం తక్కెడలో తూచి పిల్లలకు చూపించండి. మనం ఎంత తక్కువ తింటున్నామో మనకే తెలుస్తుంది.

మావాడు పూర్తిగా మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. తోటకూర పప్పు తింటున్నాడు, కాకరకాయ ఇంకా వాడికి పామే. మా అమ్మాయి మాత్రం రోజూ రాత్రి నా కంచంలోకి తొంగిచూసి, "అమ్మా, ఇవాళ నీకు నిచ్చెన" అనో, "ఇవాళ పాము" అనో తీర్పు చెబుతోంది. ఆ పిల్ల చేత నిచ్చెన అనిపించుకోవాలని నేనూ వేళకు తింటున్నాను.

ఈ రాత్రి మీ కంచంలో ఏముంటుందో మీరూ ఒకసారి చూసుకోండి. సెలవు.