కాలు మానడం, చెయ్యి తిరగడం

(ప్లాటినం జూబిలీ సందర్భంగా తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదేండ్ల ఈ పండుగలో మాతృభాషను గూర్చి, విద్యను గూర్చి పెద్దలు ఎన్నో విషయాలు ప్రస్తావించారు. ఈ ప్రసంగం మాత్రం ఒక చీలమండను గూర్చి, ఒక కారును గూర్చి. షోలాపురపు నేత కుటుంబంలో జన్మించి, ఈ పాఠశాలలోనే తెలుగు అక్షరాలు దిద్దుకున్న ఒక పూర్వ విద్యార్థి ఇంట జరిగిన ముచ్చట ఇది.

ఆయనకు నలుబదియారేండ్లు. తువ్వాళ్ల కార్ఖానాలో లెక్కలు చూస్తారు. ప్రతి ఉదయం అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామికవాడలో అయిదారు కిలోమీటర్లు పరుగెత్తడం ఆయనకు చిరకాలపు అలవాటు. ఒకనాడు గుంటలో కుడికాలు మడతపడి చీలమండ బెణికింది. ఎముక విరగలేదు గాని, కీలును పట్టి ఉంచే లిగమెంటు కొంత చిరిగిందని వైద్యులు తేల్చారు. ఆ నెలలోనే పెద్దమ్మాయికి పదునెనిమిదేండ్లు నిండి, కారుకు లెర్నర్ లైసెన్సు చేతికి వచ్చింది.

నాలుగవ వారానికి వాపు తీసింది, నడక కుదిరింది. సాయంకాలాలు కూతురి ప్రక్క సీటులో కూర్చుని నేర్పడం ఆరంభించారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అయిదవ వారంలో ఒక తెల్లవారుజామున, ఇంట ఎవరికీ చెప్పకుండా బూట్లు తొడిగి, నాలుగు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చారు. పరుగులో నొప్పి లేదు, ఊపిరి కూడా బాగానే నిలిచింది. మధ్యాహ్నానికి చీలమండ మళ్లీ వాచింది.

మోసం ఇక్కడే ఉన్నది. నొప్పి తగ్గడం వేరు, గాయం మానడం వేరు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు త్వరగా పుంజుకొంటాయి. లిగమెంట్లకు రక్తప్రసారం తక్కువ కనుక అవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. అంతేగాక, బెణికిన కాలు తాను ఎక్కడ, ఏ వాలున మోపబడుతున్నదో పసిగట్టే నేర్పును కొంత పోగొట్టుకొంటుంది. ఒంటికాలిపై కండ్లు మూసుకుని నిలుచుంటే ఆ లోపం వెంటనే తెలిసిపోతుంది. ఒకసారి బెణికిన చీలమండ మరల మరల బెణకడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఆ సాయంకాలం కూతురు మలుపు వద్ద క్లచ్ తొందరగా వదలి మూడుసార్లు ఇంజను ఆపివేసింది. వెనుక టెంపోవాడు హారన్ మోగిస్తున్నాడు. వాచిన కాలి చిరాకంతా తండ్రి గొంతులోకి వచ్చింది.

“ఇంత చిన్న ముచ్చట ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

అమ్మాయి బండిని ప్రక్కకు తీసి, తాళం త్రిప్పి, ముందుకే చూస్తూ అన్నది: “బాపూ, డాక్టరు నీకు ఎన్నిసార్లు చెప్పిండు?”

ఆయన వద్ద జవాబు లేదు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదట.

మరునాటి నుండి ఇద్దరి పాఠమూ మొదటికి వచ్చింది. తండ్రికి ఒంటికాలిపై నిలవడం, మడమలెత్తి దించడం. అరగంట వడిగా నడిచినా నొప్పి లేదని నిశ్చయమైన పిదప, దినం విడిచి దినం, ఒక నిమిషం మెల్లని పరుగు, నాలుగు నిమిషాల నడక. మరునాటి ఉదయం నొప్పి హెచ్చితే ఒక మెట్టు దిగడం. కూతురికి గేరులు లేవు, వేగం లేదు. ఖాళీ స్థలంలో క్లచ్ ఒక్కటే, బండి తనంతట తాను కదలబోయే ఆ వణుకును పాదం గుర్తించేవరకు. తరువాతనే రోడ్డు. క్రొత్తగా నడిపేవారి చూపు బానెట్ ముందరనే నిలుస్తుంది. అందువలన కనబడినదంతా పైకి చెప్పమన్నారు. దూరాన ఎద్దుబండి, ఆగిన రిక్షా, దాని వెనుక కనబడే పిల్లవాని కాళ్లు. గంటకు నలుబది కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు పదకొండు మీటర్లు దాటుతుంది. ఆపాలని తోచి పాదం బ్రేకును చేరేలోగానే అంత దూరం గడచిపోవచ్చును. వేగం రెట్టింపైతే బ్రేకు పడిన పిదప బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది.

ఇటువంటి వేళ అందరికీ జోన్ బెన్వా గుర్తుకు వస్తుంది. 1984లో మోకాటి శస్త్రచికిత్స జరిగిన పదునేడు దినాలకే ఆ అమెరికా వనిత ఒలింపిక్ అర్హత మారథాన్‌లో గెలిచింది. ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో, తొలి మహిళా ఒలింపిక్ మారథాన్ స్వర్ణం కూడా ఆమెకే దక్కింది. మహత్తరమైన గాథ. కాని అప్పటికే మారథాన్‌లో ప్రపంచ రికార్డు ఆమెదన్న సంగతి మరువరాదు. ఉదయం అయిదు కిలోమీటర్లు పరుగెత్తే గృహస్థుకు అది పాఠ్యక్రమం కాజాలదు.

పదవ తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. చెయ్యి తిరిగిందని స్కూటరు తాళాలు ఇచ్చేవారు ఈ సభలోనూ ఉన్నారు. పాఠశాల గేటు బయట ప్రతి ఉదయం కనబడుతూనే ఉన్నది. గేరు గల ద్విచక్ర వాహనానికైనా, కారుకైనా చట్టం పదునెనిమిదేండ్లు నిండాలంటుంది. లైసెన్సు లేని మైనరు నేరం చేసి పట్టుబడితే, 2019 సవరణ ప్రకారం సంరక్షకునికి లేక యజమానికి మూడేండ్ల వరకు కారాగారం, ఇరువదియైదు వేల రూపాయల జరిమానా పడవచ్చును. ఆ బిడ్డకు ఇరువదియైదేండ్లు వచ్చేవరకు లైసెన్సు దొరకదు. లెర్నర్ లైసెన్సు గలవారు సైతం ముందువెనుకల తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉంచి, లైసెన్సు గలవారిని ప్రక్కన కూర్చోబెట్టుకోవాలి. కనీసం ముప్పది దినాలు గడచిన తరువాతనే పరీక్ష. ఆ ముప్పది దినాలు చాలవని ఆ తండ్రి అభిప్రాయం. ఆయన మూడు నెలలు ఆగమన్నారు. అమ్మాయి ఒప్పుకున్నది, ఒక షరతుతో. పరుగు లెక్క తన చేతిలో ఉండాలి.

మూడవ నెలలో ఒక ఉదయం ఆమెయే కారు నడుపుకుంటూ తండ్రిని పారిశ్రామికవాడకు తీసుకువచ్చి, చెట్టు క్రింద నిలిపి, హ్యాండ్‌బ్రేకు లాగి, గడియారం చూస్తూ కూర్చున్నది. అప్పటికి పరుగు మూడు నిమిషాలకు పెరిగింది. ఆయన మలుపు దాకా పోయి తిరిగి వస్తున్నారు, కాలు తేలికగా పడుతున్నది, వేగం హెచ్చుతున్నది. మూడవ నిమిషం నిండగానే ఆమె ఒక్కమారు హారన్ మోగించింది. ఆయన చెయ్యి ఎత్తి, నడకలోకి దిగారు.