చారిత్రక ప్రణయ నవలలు – పాఠకుల నిరాశ
(పాఠశాల గ్రంథాలయ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మన గ్రంథాలయమున నవలలు తీసికొనిపోవువారు వానిని తిరిగి యిచ్చునపుడు తమ యభిప్రాయమును నోటుపుస్తకములో వ్రాయుట ఆచారము. చారిత్రక ప్రణయ నవలలను గూర్చి ఈ యేడు వ్రాసిన పుటలను శ్రద్ధగా చదివితిని. మెచ్చినవారు లేకపోలేదు గాని, పెక్కుమంది నిరాశపడిరి. "రాజుగారు తోటలోనే యున్నారు, రాజ్యము నెవరు చూచుచున్నారు?" అని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె వ్రాసినది. "పేర్లు మార్చినచో ఈ కథ ఏ దేశముననైనను జరుగును" అని ఒక తల్లిగారు వ్రాసిరి. ఒక పెద్దమనిషి మాత్రము "కాలక్షేపమునకు చదువు పుస్తకమునకు చరిత్ర పరీక్షయా?" అని మందలించిరి. ఆ మాటయు త్రోసివేయదగినది కాదు. నవల శాసనము కాదు. కల్పనయే దానికి ప్రాణము.

అయినను బాలిక ప్రశ్నయే నాకు సరియైనదిగా తోచుచున్నది. ఆమె చదివిన నవల, పేరు చెప్పను, తంజావూరు విజయరాఘవ నాయకుని కాలమునకు సంబంధించినది. తమిళదేశమున స్థిరపడిన మనకది ఇంటి చరిత్ర. అందు కొలువులో వయొలిన్ మ్రోగును! ఆ వాద్యము కర్ణాటక సంగీతమున కుదురుకొన్నది 1800 ప్రాంతమున. నాయక రాజ్యము 1673లోనే యంతరించినది. తండ్రి రఘునాథ నాయకుడు స్వయముగా వీణ వాయించిన కొలువున వయొలిన్ ఏల? సరే, చిన్న పొరపాటు, క్షమింతము. క్షమింపరానిది వేరొకటి. రఘునాథుని కొలువులో రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయము రచించినది. విజయరాఘవుని కాలమున రంగాజమ్మ మన్నారుదాస విలాసమను యక్షగానము వ్రాసినది, కనకాభిషేకము పొందినది. అట్టి స్త్రీలు మెలగిన మందిరమున నవలా నాయికకు అద్దము చూచుకొనుట, మూర్ఛపోవుట తప్ప వేరు పని లేదు. 1620లో డెన్మార్కువారికి తరంగంబాడి రేవున తావిచ్చి, వారి రాజునకు బంగారు రేకుపై లేఖ పంపిన రాజ్యమది. నవలలోని ప్రభువు నిట్టూర్పులు విడుచుచు కూర్చుండును.

పోనీ, ప్రణయమైనను పండినదా? మధుర చొక్కనాథ నాయకుడు తంజావూరు రాజకుమార్తెను కోరుట, తండ్రి నిరాకరించుట, యుద్ధము, అంతఃపురము మందుగుండునకు ఆహుతి యగుట, వృద్ధుడైన రాజు పోరాడి మడియుట. జనశ్రుతిలోనున్న యీ కథయందు కన్నీటికి కొరత యున్నదా? ఆ కుమార్తె మనస్సున ఏమున్నదో చరిత్ర చెప్పదు. నవలాకారుడు ప్రవేశింపవలసిన ద్వారము అదియే. ఇచట ఆ మనస్సునకు బదులు పదునాలుగు పుటల ఆభరణ వర్ణన యున్నది. విశ్వనాథవారు ఏకవీరను నాయకుల మధురలోనే నడిపించిరి. అందలి దుఃఖము పెద్దలు కుదిర్చిన పెండ్లిండ్ల నుండి, ఆ కాలపు మర్యాదల నుండి పుట్టును. పేర్లు మార్చి వేరొకచోట నిలుపుట సాధ్యము కాదు.

బడి వెలుపల తమిళము, పై చదువున ఆంగ్లము పలుకు మన బిడ్డ చేతికి ఏడాదికొక తెలుగు నవల వచ్చుట గొప్ప. అది నలువదవ పుటలో మూతపడినచో రెండవది తీయునా? కావున ఈ యేటి కొనుగోలు పట్టిక సిద్ధమగుటకు ముందు విద్యార్థులలో ఇద్దరిని ఎంపిక సంఘమున చేర్చుకొనవలెననియు, ప్రతి నవలను ఒకరైనను తుదివరకు చదివిన పిమ్మటనే కొనవలెననియు కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను.