ఎమ్మే దరఖాస్తుల వేళ



మన దివిసీమలో మోపిదేవి, అవనిగడ్డ వైపు డిగ్రీ ముగించి, చరిత్రలోనో తెలుగులోనో ఎమ్మే చేస్తానంటే ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న, ‘అది చదివి ఏం చేస్తావురా?’ దానికి కోపం తెచ్చుకోకండి. అమ్మానాన్నలది భయం. యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధనకు మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుందని కూర్చోబెట్టి చెప్పండి.

మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం వంటి రాష్ట్ర వర్సిటీలకు ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికైతే 2022లో మొదలైన సీయూఈటీ పీజీ. రెండూ రాయడం మంచిది.

చాలామందికి నిద్ర పట్టనివ్వనివి పరీక్షలకన్నా సర్టిఫికెట్లే. కేంద్రీయ వర్సిటీలు ఓబీసీ పత్రాన్ని కేంద్ర నమూనాలోనే అడుగుతాయి. ఈడబ్ల్యూఎస్ పత్రం ప్రవేశం పొందే ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా మీ ఊరి సచివాలయంలో ముందే అర్జీ పెట్టండి. దరఖాస్తు ఫీజు చివరి రాత్రి కడదామనుకోవద్దు.

పీహెచ్‌డీకి, విదేశీ వర్సిటీలకు మీ ఆసక్తి గురించి రాయమంటారు. ‘చిన్నప్పటి నుంచి చరిత్రంటే ఇష్టం’ అని రాస్తే ఎవరికీ గుర్తుండదు. మన పక్కనే ఘంటసాలలో బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. టాలెమీ చెప్పిన కంటకస్సుల రేవు అదేనంటారు. రేవు పక్కన స్తూపం ఎందుకు వెలిసింది, దాన్ని పోషించిన వర్తకులెవరు? ఇలాంటి ప్రశ్న ఒక్కటి పట్టుకోండి. దివిసీమ బిడ్డగా మీకున్న బలం అదే.

దిగులు మరీ ఎక్కువైతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.