మన పత్రిక, మన వెబ్‌సైటు
(పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రులనుద్దేశించి చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను వెబ్‌సైటు నిర్మాణమును గూర్చి మాటలాడుమనిరి. నేను ఇంజనీరును కాను. అచ్చుపని చూచుచు, ప్రూఫులు దిద్దుచు చాలకాలము గడపినవాడను. కావున నా మాటలలో కంప్యూటరు శాస్త్రముకంటె అచ్చుసిరా వాసనయే హెచ్చుగా నుండును. మన్నింపుడు.

మనము కూర్చున్న ఈ నేల సంగతి పెద్దలెరిగినదే. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రములో చేరినది. పటాస్కరుగారి మధ్యవర్తిత్వము పిమ్మట పార్లమెంటు 1959లో చట్టము చేయగా, తాలూకాలో చాలభాగము 1960 ఏప్రిలు 1న మరల మదరాసు రాష్ట్రమునకు వచ్చినది. గీత కదలినది గాని ఇండ్లు కదలలేదు. ఇండ్లలోని మాటయు కదలలేదు. 2006 నాటి చట్టముచేత తమిళము ఒక్కొక్క తరగతిగా నిర్బంధపాఠ్యమై, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే. అంగడిలోను, ఆఫీసులోను, ఆసుపత్రిలోను అదియే అక్కరకు వచ్చును. నా దిగులు వేరు. ఇంట తెలుగు గలగల మాటలాడు పిల్లవానికి తాతగారి పాత జాబు చేతికిచ్చి చూడుడు. తలక్రిందులుగా పట్టుకొనడు గాని, రెండు పంక్తులు దాటలేడు. సెల్‌ఫోనులో అన్నకు తెలుగుమాటయే వ్రాయును, ఇంగ్లీషు అక్షరములతో వ్రాయును.

ఇట్టి పిల్లవానిచేత తెలుగు చదివింపవలెనన్నచో, వానికి చదువవలెనని తోచునదేదైన ఉండవలెను. తన వ్రాత, తన స్నేహితుని వ్రాత, తన యూరి సంగతి అచ్చులో కనబడినచో ఎవడు చదువకుండును? అందులకే మనకు వార్షిక సంచిక యున్నది. అయితే అచ్చయిన ప్రతులు కొన్ని వందలు. ఏడాది తిరుగునప్పటికి అవి అటుకమీదికెక్కును. తరువాతి కథ చెదపురుగులు చెప్పవలెను.

కంప్యూటరులో దాచినచో చెదపట్టదని మనము తలంచితిమి. నేనెరిగిన యొక సంఘమువారు తమ సంచికలనన్నింటిని సీడీలలో భద్రపరచిరి. పదిహేనేండ్ల పిమ్మట తెరచి చూడగా, తెరమీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరములు, ఆశ్చర్యార్థకములు, డాలరు గుర్తులు మాత్రము వరుసగా నిలిచియున్నవి. కారణమేమనగా, ఆ కాలపు ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలమీదనే తెలుగు బొమ్మలను తొడిగినవి. ఆ ఫాంటు లేని యంత్రములో ముసుగు జారిపోవును. యూనికోడు వచ్చి ఈ పీడ వదలించినది. 1991 నాటి తొలికూర్పునుండియు అందులో తెలుగునకు 128 స్థానముల ప్రత్యేక భాగము కలదు. అచ్చట 'క' అనునది ఏ యంత్రముననైనను 'క'యే. మన సంచిక ఇకమీదట యూనికోడులో తప్ప మరియొక విధముగ టైపుచేయబడరాదని నా గట్టి మనవి. తక్కినవన్నియు తరువాత.

ఇక స్వేచ్ఛా సాఫ్టువేరు అననేమి? పొదటూరుపేట, పళ్లిపట్టు మగ్గములెరిగిన వారికి ఇది సులభముగ తెలియును. ఒకడు మీకు మగ్గము అద్దెకిచ్చి, "నాడె విరిగినచో నేనే వచ్చి బాగుచేయుదును, నీవు ముట్టరాదు, ప్రక్కయింటివానికి చూపరాదు" అన్నాడనుకొనుడు. ఎట్టి నేతగాడు అట్టి మగ్గముమీద కూర్చుండును? బజారులో అమ్మెడు సాఫ్టువేరులో చాలభాగము ఈ తీరుననే యున్నది. 1983లో రిచర్డు స్టాల్మను అను అమెరికావాసి దీనికి ఎదురు నిలిచి, ఎవరైనను నడుపుకొనుటకు, లోపలిపని చూచి తెలిసికొనుటకు, మార్చుకొనుటకు, పదుగురికి పంచుటకు హక్కుగల సాఫ్టువేరును సిద్ధముచేయుటకు పూనుకొనెను. ఇందు ముఖ్యము హక్కు, వెల కాదు. ఉచితముగ దొరకుట దానివెంట వచ్చిన లాభము. అంతర్జాలముమీద నడచు వెబ్ సాఫ్టువేరునుగూడ స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమువారు 1993 ఏప్రిలు 30న లోకమునకు ధారపోసిరి. నాడు వారు ప్రతి పుటకు సుంకము పెట్టియున్నచో ఈనాడు మనమీ సంగతి ముచ్చటించుకొనియుండము.

తెలుగువారు ఈ సొమ్మును బాగుగనే వాడుకొనిరి. 'పద్మ' అను లిపి సాధనమును రూపొందించిన వెన్న నాగార్జునగారి చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. జీతములేని చేతులతో అది డెబ్బదివేల వ్యాసములకు మించి పెరిగినది. దానిని నడుపు మీడియావికీయు స్వేచ్ఛా సాఫ్టువేరే. మండలి, రామభద్ర, గిడుగు మొదలగు తెలుగు ఫాంటులు ఎవరైనను వాడుకొనదగు లైసెన్సుతో లభించుచున్నవి. గిడుగువారి పేర నున్న అక్షరములతో నా ఈ గ్రాంథికమును అచ్చువేసినచో వారేమందురో! మన పొరుగువారిని చూడుడు. 1998 సంక్రాంతినాడు కల్యాణసుందరముగారు స్విట్జర్లాండునందుండియే ప్రాజెక్టు మధురైకి శ్రీకారము చుట్టి, స్వచ్ఛంద సేవకులచేత ప్రాచీన తమిళగ్రంథములను టైపుచేయించిరి. వారిని చూచి అసూయపడనక్కరలేదు, నేర్చుకొన్న చాలును.

మన పాఠశాలకు వర్డ్‌ప్రెస్ అను సాఫ్టువేరు సరిపోవునని నా యభిప్రాయము. 2003లో పుట్టిన యిది నేడు ప్రపంచములోని వెబ్‌సైటులలో ఐదింట రెండు వంతులకు పైగా నడుపుచున్నది. టైపుచేయుట వచ్చిన ఉపాధ్యాయిని ఒక వారములో దీనిని నేర్చుకొనగలదు. సాఫ్టువేరునకు వెల లేదు గాని, పేరునకును, చోటునకును ఏటేట అద్దె కలదు. పేరుమట్టుకు ఏటికి వేయి రూపాయలకు అటునిటు. సంఘము భరింపలేనిది కాదు.

అయినను నన్ను ఉత్సాహపరచునది సైటు కాదు, దానిలోనికి పాత సంచికలనెక్కించు పని. పాత పుటలను ఫోటో తీసి టెసరాక్టు అను స్వేచ్ఛా సాఫ్టువేరునకిచ్చినచో, అది బొమ్మను చూచి అక్షరములుగా మార్చును. తెలుగు దానికి వచ్చును, వచ్చీరానట్లు వచ్చును. వత్తులను మ్రింగును, 'ప'ను 'వ'గా చదువును. కావున ఎవరో ఒకరు బొమ్మను ప్రక్కనపెట్టుకొని అక్షరమక్షరము దిద్దవలెను. ఆ ఎవరో మన ఏడవ, ఎనిమిదవ తరగతి పిల్లలు కావలెనని నా ఆశ. యంత్రము తప్పుచదివినదని పట్టుకొనుటలో పిల్లలకెంత ఆనందమో మీకు తెలియును. వేయి కాపీపుస్తకములు చేయలేని పని ఆ ఆనందము చేయును. టైపునకు ఇన్‌స్క్రిప్టు కీబోర్డు నేర్పుడు. అందులో భారతీయ లిపులన్నింటను 'క' ఒకే మీటపై నుండును, గుణింతములు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చును. తమిళనాట తమిళమునకు 1999లో ఆమోదించిన తమిళ్99 అను వేరొక వరుస వాడుకలో నున్నది నిజమే. పిల్లలు రెండును నేర్వగలరు. కష్టము మనబోటి పెద్దలకే.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. లోగడ నాకు పరిచయమైన యొక సమాజము సొంపైన సైటు పెట్టినది. తాళపుమాట ఒక్క యువకునియొద్దనే యుండెను. అతడు ఉద్యోగమునకు బెంగుళూరు పోయినాడు, ఫోను మారినది. పేరునకు అద్దె కట్టు తేది దాటిపోయినది. ఆ పేరును మరెవరో కొనుక్కొని జూదపు ప్రకటనలు పెట్టిరి. సమాజమువారి ఆహ్వానపత్రికలమీద నేటికిని ఆ చిరునామాయే యున్నది! కావున తాళపుమాట ముగ్గురియొద్ద నుండవలెను. వారిలో ఒకరు తల్లిదండ్రులలోనివారై యుండవలెను. నెలకొకసారి సర్వస్వమును నకలుతీసి వేరొకచోట దాచవలెను. సాఫ్టువేరు క్రొత్తకూర్పు వచ్చినప్పుడెల్ల ఎక్కింపవలెను. పాతకూర్పు గొళ్లెములేని తలుపువంటిది.

పిల్లల పేర్లు, ఫోటోలు మీ అనుమతిలేక సైటులో పెట్టరాదు. 2023లో పార్లమెంటు చేసిన చట్టము పదునెనిమిదేండ్లలోపువారి వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనన్నది. చట్టము లేకున్నను అది మర్యాదయే. పాత రచనల విషయమునను అంతే. మన దేశమున రచయిత గతించిన తరువాత అరువదేండ్లవరకు హక్కు వారసులదే. అడిగినచో కాదనువారు అరుదు. అడుగకుండుటయే వారికి కోపకారణము.

మీ ఇండ్లలో పాత సంచికలెవ్వియైన నున్నచో, అట్ట పోయినవైనను, పుటలు చిరిగినవైనను, వచ్చు ఆదివారము ఉదయము పాఠశాలకు తీసికొనిరండు. ఫోటో తీసి ఆనాడే తిరిగి మీచేతికి ఇచ్చివేయుదుము. తాళపుమాట ఉంచుకొను బాధ్యతకు ఒక తల్లి పేరు ఈ సాయంకాలమే కార్యదర్శిగారికి అందవలెను. అదిగో, ముఖములకు రంగులు పూసికొని పిల్లలు తెరవెనుక నిలిచియున్నారు. వారి నాటకమునకు నేనడ్డుపడను. సెలవు.